వంగిన నడుముకు చాప మీద కసరత్తు

సూర్యాపేట : నాట్ల రోజులు వచ్చాయంటే తెల్లవారక ముందే ఆటోలు నిండిపోతాయి. మిర్యాలగూడ, కోదాడ పరిసరాలలో సాగర్ ఎడమ కాలువ కింది మళ్ళలో ఆడకూలీలు వరుస కట్టి వంగితే పొద్దు వాలేదాకా వంగిన నడుము వంగినట్లే వుంటుంది. సాయంత్రం గట్టెక్కి నిలబడబోతే ఒక పట్టాన నిటారు కాదు. రెండు చేతులూ తొడల మీద ఆనించి, మూలుగుతూ లేచి ఇంటిదారి పడతారు. రాత్రికి ఒక నొప్పి బిళ్ళ. అదీ చాలకపోతే ఊళ్ళోని ఆర్.ఎం.పి. చేత సూది. మర్నాడు మళ్ళీ అదే మడి, అదే వంగుడు.

మిర్యాలగూడ రైస్ మిల్లులలో, వడ్ల కొనుగోలు కేంద్రాలలో హమాలీల సంగతీ ఇంతే. వడ్ల బస్తా 40 కిలోలు, బియ్యం బస్తా 50 కిలోలు. దానిని ఎప్పుడూ అలవాటైన భుజం మీదికే ఎత్తుకుంటారు. కొన్నేళ్ళకు ఆ భుజం ఒక పక్కకు వాలిపోతుంది. సూర్యాపేట మీదుగా పోయే 65వ నెంబరు జాతీయ రహదారిపై లారీలు నడిపే డ్రైవర్లకు గంటల తరబడి కూర్చోవడం వల్ల నడుము పట్టేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో భూమి మీద 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారు.

వీరికి కసరత్తు చేయమని చెబితే నవ్వుతారు. పొద్దంతా ఒళ్ళు హూనం చేసుకునే వారికి వేరే కసరత్తు ఎందుకని అడుగుతారు. ప్రశ్న సబబుగానే కనిపిస్తుంది గాని, పని వేరు, కసరత్తు వేరు. నాలుగు వైపులా మోకులు లాగి కట్టిన పందిరి గుంజ నిటారుగా నిలుస్తుంది. ఒక మోకును బిగించి, ఎదుటి మోకును వదులు చేస్తే గుంజ ఒరుగుతుంది. వెన్నెముక కూడా అటువంటిదే. రోజూ ఒకే పని చేస్తే కొన్ని కండరాలు అలసి బిగుసుకుపోతాయి. పొట్ట చుట్టూ వుండి వెన్నును కట్టి పట్టుకోవలసిన కండరాలకు సరైన పని తగలదు. ఆ వదులైన మోకును బిగించడానికి పట్టణాలలో ఇప్పుడు బాగా పేరు వినిపిస్తున్న పద్ధతి పిలాటీస్.

జర్మన్ పేరు, చాప మీద పని

పిలాటీస్ అనేది ఒక మనిషి ఇంటిపేరు. జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నతనంలో ఉబ్బసంతోనూ, ఇతర జబ్బులతోనూ బక్కచిక్కి వుండేవాడనీ, పట్టుదలతో శరీరాన్ని బాగు చేసుకున్నాడనీ చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి అతడు ఇంగ్లండులో వున్నాడు. శత్రుదేశస్థుడని అక్కడివారు అతనిని ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడే తోటి ఖైదీలకు కసరత్తులు నేర్పాడట. మంచం పట్టిన వారి కోసం మంచాలకు స్ప్రింగులు బిగించాడని కూడా కథ వుంది. 1926 ప్రాంతంలో అమెరికా చేరి భార్య క్లారాతో కలిసి న్యూయార్కులో వ్యాయామశాల పెట్టాడు. కాళ్ళు, నడుములు దెబ్బతిన్న నాట్యకత్తెలు అతని దగ్గరకు వరుస కట్టారు. చాప మీద చేసే 34 కసరత్తులతో 1945లో పుస్తకం వేశాడు. తన పద్ధతికి అతడు పెట్టుకున్న పేరు 'కంట్రాలజీ'. 1967లో అతడు చనిపోయాక లోకం మాత్రం అతని పేరుతోనే పిలుస్తున్నది. (మన కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలబెట్టి దేశాలు తిరిగినదీ ఆ కాలంలోనే. ఆయన పేరుతో మాత్రం ఎవరూ కసరత్తు నేర్పడం లేదు.)

హైదరాబాదులో ఈ పద్ధతిని స్ప్రింగుల బల్లలపై డబ్బు తీసుకుని నేర్పుతున్నారు. ఆ బల్లలు మనకు అక్కర లేదు. ఒక చాప, దాని మీద మడత పెట్టిన దుప్పటి, పది పదిహేను నిమిషాల తీరిక చాలు. నలుగురిలో పడుకుని కాళ్ళెత్తడానికి ఆడవారికి మొహమాటం కనుక తలుపు దగ్గరకు వేసుకుని చేసుకోవచ్చు. చీర కంటే పంజాబీ డ్రెస్సు అనువు. తిన్న వెంటనే చేయరాదు.

మొదటి నెలలో

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, జానెడు ఎడంగా పాదాలు నేలకు ఆనించాలి. ముక్కుతో గాలి పీల్చినప్పుడు పక్కటెముకలు రెండు వైపులా విచ్చుకోవాలి. నోటితో వదులుతూ బొడ్డును మెల్లగా వెన్ను వైపు లాక్కోవాలి. ఎంత లాగాలంటే, చీర కుచ్చెళ్ళు దోపుకునేటప్పుడు పొట్ట లోపలికి పోయేటంత. ఊపిరి బిగపట్టకూడదు. తేలికగా కనిపించినా అసలు విద్య ఇదే. వారం రోజులు ఇది ఒక్కటే చేసినా నష్టం లేదు. ఇది రాకుండా మిగతావి చేస్తే భారమంతా మళ్ళీ నడుము మీదనే పడుతుంది.

తరువాత నడుము కింద వుండే సందు నేలకు తగిలేలా మెల్లగా నొక్కి వదలాలి. అది కుదిరాక పిరుదులను పైకెత్తాలి. భుజాల నుంచి మోకాళ్ళ దాకా ఒకే వాలు రావాలి. దించేటప్పుడు పైనుంచి కిందికి ఒక్కొక్క వెన్నుపూస చాపను తాకుతున్నట్లు దించాలి. అయిదారు సార్లు చాలు. మడిచిన కాలును మడిచినట్లే ఎత్తి దించడం మరొకటి. ఇది చేసేటప్పుడు పొట్ట మీద ఖాళీ స్టీలు గ్లాసు పెట్టుకుంటే నడుము కదిలిందో లేదో గ్లాసే చెబుతుంది.

నాట్లు వేసే వారికి, కలుపు తీసే వారికి అన్నింటికన్నా పనికి వచ్చేది బోర్లా పడుకుని చేసేది. అరచేతులు భుజాల పక్కన ఆనించి, తలనూ, రొమ్మునూ నేల మీది నుంచి కొద్దిగా మాత్రమే లేపి, మూడు లెక్కపెట్టి దించాలి. పొద్దంతా ముందుకు వంగిన వెన్నుకు ఇది ఎదురు దిశ. యోగాసనాలు తెలిసిన వారికి భుజంగాసనం గుర్తుకు వస్తుంది. పోలిక వున్న మాట నిజమే. తేడా అల్లా, ఇక్కడ ఆసనంలో చాలాసేపు నిలవకుండా, పొట్టను బిగువుగా వుంచి, ఊపిరితోపాటు నిదానంగా కదలడం. తల ఎత్తి చేతులు ఆడిస్తూ నూరు లెక్కపెట్టే కసరత్తు ఫోనులో వీడియోలు చూసేవారికి మొదటగా కనిపిస్తుంది. కొత్తవారు దాని జోలికి పోరాదు, మెడ పట్టేస్తుంది.

వారానికి మూడు రోజుల వంతున చేస్తే, గుణం తెలియడానికి నెలన్నర, రెండు నెలలు పట్టవచ్చు. ఇది సర్వరోగ నివారిణి కాదు. పిలాటీస్ పై జరిగిన పరిశోధనలను పరిశీలించి కాక్రేన్ అనే వైద్య సంస్థ 2015లో వెలువరించిన సమీక్ష ప్రకారం, ఊరక వుండేవారి కంటే చేసేవారికి నడుము నొప్పి తగ్గింది. ఇతర వ్యాయామాల కంటే ఇది గొప్పదని మాత్రం తేలలేదు. కనుక యోగాసనాలు చేసేవారు వాటిని మానుకోనక్కర లేదు. దీర్ఘకాలపు నడుము నొప్పికి వ్యాయామం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మామూలుగా అందరూ కట్టుకునే నడుము బెల్టులు వద్దని కూడా అప్పుడే చెప్పింది. నెలల తరబడి నొప్పి బిళ్ళలు మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు తప్పవచ్చునని ధీమా లేదు.

అందరూ చాప పరచడానికి లేదు. ఫ్లోరైడ్ నీటి వల్ల వెన్ను బిగుసుకున్నవారు ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఎందరో వున్నారు. వారి ఎముకలు చూడడానికి గట్టివైనా పెళుసు. డాక్టరును అడగకుండా వారు వెన్నును వంచరాదు. గర్భిణులు, ఆపరేషను అయి కొద్ది నెలలే అయినవారు, ముట్లుడిగి ఎముకలు గుల్లబారిన వారు కూడా అంతే. నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కినా, కాలు చచ్చుబడినట్లున్నా, మల మూత్రాలు పట్టు తప్పినా, నొప్పితోపాటు జ్వరం వున్నా కసరత్తు మాట మరచి వెంటనే ఆసుపత్రికి పోవాలి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల వుంది. అక్కడి ఆసుపత్రికి చీటీ రాయించుకుని వెళ్ళవచ్చు.

ఇక పొలంలో మాట. నారు కట్ట అయిపోయినప్పుడల్లా నిలబడి, నడుము మీద చేతులు పెట్టి రెండు మూడు సార్లు వెనుకకు వాలితే చాలా ఉపశమనం. కాని నాట్లు ఎక్కువగా గుత్తకు సాగుతాయి. ఎకరాకు ఇంత అని మాట్లాడుకున్న గుంపులో ఒక్కతె లేచి నిలబడితే ఆమె మునుం వెనుకబడుతుంది, పక్కవారు మాట అంటారు. అందుకని నడుము లాగుతున్నా ఎవరూ ముందుగా లేవరు. గుంపు మేస్త్రి ఒక కేక వేసి అందరినీ ఒకేసారి లేపితే ఎవరి మునుమూ వెనుకబడదు, పోయేది నిమిషం.