పాత బండి కార్బొరేటర్: సన్నని రంధ్రాల్లోని కొలత

హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా వరకు మెట్రో స్తంభాల వెంట ఆగుతూ కదిలే ద్విచక్ర వాహనాల వరుసలో రెండు తరాల యంత్రాలు పక్కపక్కనే నడుస్తుంటాయి. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా అమలులోకి వచ్చిన బీఎస్-6 ఉద్గార ప్రమాణాల ప్రకారం తయారైన బళ్ళలో పెట్రోలు సరఫరాను దాదాపుగా సెన్సర్లు, చిన్న కంప్యూటరు నియంత్రిస్తుండగా, అంతకు ముందు కాలపు హీరో హోండా స్ప్లెండర్, బజాజ్ చేతక్ వంటి వాటిలో ఆ పని కార్బొరేటర్‌ది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోయినా, పొద్దున ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టు కాకపోయినా, మైలేజీ పడిపోయినా కార్బొరేటర్‌ను మురికి పట్టిన గొట్టంగా భావించి కడిగించడం సాధారణం. అయితే కార్బొరేటర్ నిజానికి ఒక కొలత పరికరం కాబట్టి, దాని మరమ్మతు అంటే చెదిరిన కొలతలను తిరిగి నిలబెట్టడమే.

గాలి లాగితే పెట్రోలు వచ్చే తీరు

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలుకు హైదరాబాదు వాతావరణంలో దాదాపు 10,000 లీటర్ల గాలి అవసరమవుతుంది. ఇంజన్ పీల్చే గాలి కార్బొరేటర్‌లోని ఇరుకైన గొంతులో వేగం పుంజుకున్నప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. 1738లో బెర్నూలీ వివరించిన సూత్రం, 1797లో వెంచూరి ప్రచురించిన పరిశీలనలు ఈ విషయానికి సంబంధించినవే. ఆ తగ్గిన ఒత్తిడి వల్ల, కింది గిన్నెలోని పెట్రోలు జెట్ అనే ఇత్తడి ముక్కలోని సన్నని రంధ్రం గుండా పైకెక్కి తుంపరలుగా గాలిలో కలుస్తుంది. గిన్నెలో తేలే ఫ్లోట్, దాని మీద ఆనే నీడిల్ వాల్వ్ పెట్రోలు మట్టాన్ని ఒకే ఎత్తులో ఉంచుతాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు స్లో జెట్, ఆక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు మెయిన్ జెట్, ఆ రెంటికీ నడుమ కార్బొరేటర్ లోపలి పిస్టన్‌కు వేలాడే కోసు సూది కొలతను నిర్ణయిస్తాయి.

లక్షణం నుంచి కారణానికి

లోపం ఏ వేగంలో కనబడుతుందో గమనిస్తే కారణం సగం తెలిసినట్లే. ఆక్సిలరేటర్ వదలగానే ఆగిపోతూ, తిప్పితే బాగానే నడిచే బండిలో స్లో జెట్ పూడుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ; ఐడిలింగ్ బాగుండి, ఎక్కువ వేగంలో కుదుపులు వస్తే మెయిన్ జెట్‌ను గాని, పెట్రోలు గిన్నెలోకి వచ్చే దారిని గాని అనుమానించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా చోక్ వేస్తేనే నిలకడగా తిరుగుతున్నదంటే, చోక్ గాలిని తగ్గిస్తుంది కాబట్టి, అసలు మిశ్రమంలో పెట్రోలు తక్కువగా ఉన్నదని అర్థం. జెట్ పూడుకోవడమే కాక, ఇంజన్‌కూ కార్బొరేటర్‌కూ మధ్యనున్న రబ్బరు పగిలి దొంగగాలి చొరబడడం కూడా అందుకు కారణం కావచ్చు. స్పార్క్ ప్లగ్ మసిబారితే పెట్రోలు ఎక్కువని, తెల్లబారితే తక్కువని, కాఫీ పొడి రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నదని గుర్తు. ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోలు కారుతుంటే నీడిల్ వాల్వ్ మొన అరిగిందని గాని, దాని కింద చెత్త చేరిందని గాని భావించాలి.

విప్పి, కడిగి, కూర్చడం

విప్పే ముందు మిక్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పి, అది ఆనేవరకు ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోవాలి. కార్బొరేటర్ క్లీనర్ ద్రావణం రబ్బరును ఉబ్బిస్తుంది కాబట్టి ఓ-రింగులు, వాషర్లు ముందుగా తీసివేసి, ఆ తరువాత జెట్లను కడిగి గాలి కొట్టాలి. జెట్‌లో ఇనుప తీగ దూర్చడం వల్ల కలిగే నష్టం లెక్క వేస్తే తప్ప బోధపడదు. రంధ్రపు వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 0.80 మిల్లీమీటర్ల రంధ్రం 0.84కు అరిగితే పెట్రోలు దారి 10 శాతం పెద్దదవుతుంది. కంటికి కనబడని ఆ తేడాను ఏ స్క్రూ కూడా పూర్తిగా సరిదిద్దలేదు. ఫ్లోట్ ఎత్తును తయారీదారు చెప్పిన కొలతకు సరిచూసి, అరిగిన నీడిల్ వాల్వ్‌ను, గట్టిపడిన రబ్బరు భాగాలను మార్చి బిగించాక, ఇంజన్‌ను వేడెక్కించి స్క్రూను సవరించాలి. ఆ స్క్రూ ఇంజన్ వైపు ఉంటే సాధారణంగా అది పెట్రోలును నియంత్రిస్తుంది, బయటికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని నియంత్రిస్తుంది, బయటికి తిప్పితే పలచబడుతుంది.

నీరు, ఇథనాల్

2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలు మునిగినట్లుగా నీట మునిగే చోట్ల, కార్బొరేటర్ గిన్నెలో చేరిన నీరు పెట్రోలు కంటే బరువైనది కావడంతో అడుగున నిలిచి జెట్లకు అడ్డుపడుతుంది. గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పి దానిని వదిలేయవచ్చు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై తరువాత దేశమంతటా వ్యాపించిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు మరో మార్పు తెచ్చింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును దెబ్బతీయగలదు. పైగా దానిలోనే ఆక్సిజన్ ఉన్నందువల్ల గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు. అందుచేత ఈ మిశ్రమానికి కావలసిన నిష్పత్తి 13.5 దగ్గరికి తగ్గుతుంది, పాత జెట్‌తో నడిచే ఇంజన్‌కు సుమారు 8 శాతం పలచని మిశ్రమం అందుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండి, గాలి కొంత పలచగా ఉన్నందువల్ల మిశ్రమం రెండు మూడు శాతం చిక్కబడుతుంది గాని, ఆ లోటును పూడ్చడానికి అది చాలదు. సెన్సర్ ఉన్న బండి ఈ తేడాను తానే గుర్తించి సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ శక్తి లేదు, దాని తరఫున ప్లగ్ రంగు చూసి జెట్ ఎంచవలసినది మెకానిక్కే.

ఐడిలింగ్‌లో ఉన్న ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కాలుష్య పరీక్షలో కొలుస్తారు కనుక, సరిగా కూర్చిన కార్బొరేటర్ వల్ల కలిగే మేలు యజమానితో ఆగక, అదే సిగ్నల్ దగ్గర నిలిచి ఊపిరి పీల్చే వారందరికీ చేరుతుంది. మరమ్మతు పూర్తయ్యాక జెట్ల మీది సంఖ్యలు, స్క్రూ చుట్లు, తేదీ ఒక చీటీ మీద రాసి బండి కాగితాలతో భద్రపరిస్తే, మరోసారి ఆ కార్బొరేటర్ విప్పే చేతులు ఊహతో కాక కొలతతో పని మొదలుపెడతాయి.