తన్ను గూర్చి తాను వ్రాయుట

మహాభారతమున కర్ణపర్వములో నొక విచిత్రమైన ఘట్టము కలదు. గాండీవమును పరుల కిమ్మని యెవ్వరన్నను వారిని వధింతునని అర్జునుడు ప్రతిన పూనియుండెను. గాయపడి శిబిరమున నున్న ధర్మరాజు కోపావేశమున నా మాటయే యనెను. అన్నను చంపరాదు, ప్రతిన తప్పరాదు. అప్పుడు శ్రీకృష్ణుడు, పెద్దవానిని ఏకవచనమున సంబోధించి తూలనాడుటయే వానిని వధించుటతో సమానమని యుపాయము చెప్పెను. అర్జునుడట్లే చేసి, పిదప పశ్చాత్తప్తుడై తన ప్రాణము దీసికొనబోగా, నీ గుణములను నీవే పొగడుకొనుము, అదియే ఆత్మహత్య యగునని మరల బోధించెను. స్వోత్కర్షను ఆత్మహత్యగా నెంచిన సంప్రదాయము మనది.

ఇట్టి సంప్రదాయమున బెరిగిన పదునేడేండ్ల పిల్లవాడు నేడు అమెరికాలోని కళాశాలలో చేరగోరి దరఖాస్తు పూరింపబూనినచో, నిన్ను గూర్చి నీవు చెప్పుకొనుమను ప్రశ్న వాని కెదురగుచున్నది. వాడు కలము పట్టి దిగ్భ్రాంతుడగుచున్నాడు. తండ్రి యెవరినో ఆశ్రయించుచున్నాడు. ఆ యెవరో డబ్బు పుచ్చుకొని, ఆ పిల్లవాని ముఖమైనను సరిగా చూడక, వాని జీవితమును వ్రాసి యిచ్చుచున్నారు. ఈ దుస్థితిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా యుద్దేశము.

ముందుగా విషయ మేమో తెలిసికొందము. అమెరికాలో వేయికి పైబడిన కళాశాలలు ‘కామన్ అప్లికేషన్’ అను నొకే దరఖాస్తును స్వీకరించుచున్నవి. ఇది 1975లో పదునైదు కళాశాలలతో నారంభమైన యేర్పాటు. దీనిలో మార్కులకు వేరు చోటు కలదు. విద్యార్థి పాల్గొన్న వ్యాపకములకు వేరు చోటు కలదు. బహుమానములకు వేరు చోటు కలదు. ఇవిగాక 250 మాటలకు తక్కువగాక, 650 మాటలకు మించక, ఒక వ్యాసము వ్రాయవలెను. ఇచ్చిన యేడు ప్రశ్నలలో దేనినైనను ఎన్నుకొనవచ్చును. వానిలో నొకటి ‘నీ యిచ్చవచ్చిన విషయము’. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారి పద్ధతి వేరు. వారు ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి, ఒక్కొక్కదానికి 350 మాటలు మించకుండ, సమాధానము గోరుదురు. ఇంగ్లండులో 4,000 అక్షరముల స్వీయనివేదన ముండెడిది. 2026 సంవత్సరపు ప్రవేశముల నుండి ఆ నిడివినే మూడు ప్రశ్నలుగా విభజించిరి: ఈ శాస్త్రమునే యేల చదువగోరుచున్నావు, నీ చదువు నిన్ను దానికెట్లు సిద్ధపరచినది, చదువునకు వెలుపల నీవేమి చేసితివి అని.

ఈ యాచారమునకు మచ్చలేని చరిత్ర కలదని మేము చెప్పజాలము. 1920 ప్రాంతములలో హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టన్ వంటి విద్యాపీఠములలో పరీక్షలందు నెగ్గిన యూదు విద్యార్థుల సంఖ్య పెరుగుచుండగా, దానిని తగ్గించుటకై పరీక్షాఫలితముతోబాటు ‘శీలము’, ‘వ్యక్తిత్వము’ అను కొలతలను తెచ్చిరి. జెరోమ్ కారబెల్ అను సమాజశాస్త్రజ్ఞుడు 2005లో ప్రకటించిన గ్రంథమున దీనిని సవిస్తరముగా నిరూపించెను. వెలివేయుటకు గల్పింపబడిన పనిముట్టు కాలక్రమమున వేరొక యుపయోగమునకు వచ్చినది. 2023 జూనులో అమెరికా సుప్రీముకోర్టు, ప్రవేశములలో జాతిని లెక్కలోనికి దీసికొనుట చెల్లదని తీర్పు చెప్పుచు, అభ్యర్థి తన జాతి తన జీవితమును ఎట్లు మలచినదో వ్యాసములో చెప్పుకొన్నచో దానిని పరిశీలించుటకు మాత్రము అడ్డులేదనెను. ఆ తీర్పుతో వ్యాసమునకు బరువు తగ్గుటకు మారుగా హెచ్చినది.

ఇక మన పిల్లల సంగతి. ఎంసెట్టు గాని, నేటి ఈఏపీసెట్టు గాని, ఐ.ఐ.టి. పరీక్ష గాని విద్యార్థిని, నీవెవరవని యెన్నడును అడుగదు. చాలవరకు నాలుగు సమాధానములలో సరియైనదానిని గుర్తించుటయే వాని విధి. ఈ పద్ధతికి గల న్యాయమును మేము తిరస్కరింపము. పేదవాని కుమారుడును, జమీందారు కుమారుడును అక్కడ ఒక్క కొలతకే నిలిచెదరు. కాని ఆరవ తరగతి నుండియే ర్యాంకుకై పెంపబడిన పిల్లవానికి తనలోనికి తాను తొంగిచూచుకొను నలవాటు పట్టువడదు. కావుననే, నిన్ను గూర్చి చెప్పుమన్న తోడనే తన మార్కుల జాబితాను వాక్యములుగా మార్చి వ్రాయును. లేదా ఒక మహాపురుషుని సూక్తితో నారంభించి, బాల్యము నుండియు తనకు కంప్యూటర్లయెడ మక్కువ యని ముగించును. అట్టి వ్యాసములు వేలకొలది చదివినవారికి ఒకదానికి వేరొకదానికి భేదము కానరాదు.

మా యనుభవములోని యొక యుదాహరణము చెప్పెదము. మా మిత్రులొకరి కుమార్తె గణాంకశాస్త్రము చదువగోరి తన వ్యాసమును మాకు చూపెను. పైన జెప్పిన మాదిరిగానే యుండెను. దానిని ప్రక్కనబెట్టి, నీవు నిజముగా ఎప్పుడైన అంకెలతో తంటాలు పడితివా యని యడిగితిమి. కొంత తడవు సందేహించి, ఆ పిల్ల తెలుగులో చెప్పసాగెను.

2021లో కరోనా వలన బడి మూతపడగా, ఆమె గోదావరి డెల్టాలోని తాతగారి యింట నుండెను. దాళ్వా పంటకు కాలువనీరు వంతులవారీగా వచ్చుచుండెను. ఒకే బోదె మీద తాతగారి చేను, పొరుగువారి చేను ఉన్నవి. పొరుగువాడు తన నీరు దొంగిలించుచున్నాడని తాతగారి యభియోగము. ఋజువు కొఱకు, నీరెప్పుడు ఎవరి చేలో పారుచున్నదో పుస్తకములో వ్రాయుమని మనుమరాలిని నియమించెను. ఆమె ఉదయము, సాయంకాలము బోదెగట్టునకు పోయి చూచి ఆరు వారములు వ్రాసెను. లెక్క తీయగా, వంతు తప్పి నీరు పారినది అయిదు మారులు. అందు నాలుగుమారులు తాతగారి చేలోనికే. పిల్ల రెండు దినములు ఆ పుస్తకమును దాచిపెట్టెను. మూడవనాడు తెచ్చి తాతగారి యెదుట బెట్టెను. ఆయన చదివి యేమియు ననలేదు. మరుసటి వంతున తమ తూమును మూయించి నీటిని పొరుగుచేనికి వదలించెను. ఆ సంగతి మరల ఆ యింట నెవ్వరును ఎత్తలేదు.

“ఇది యేల వ్రాయలేదు?” అని మేమడిగితిమి. “ఇది గొప్ప సంగతి కాదు గదండీ. పైగా తాతయ్యగారికి అవమానం కదా?” అనెను. తండ్రికిని అదే శంక. కుటుంబపు గుట్టు పరదేశము వారికేల యని యాయన వాదము. చివరకు ఆ పెద్దమనిషినే యడిగిరి. ఆయన కొంచెమాలోచించి, “ఆ పుస్తకం ఇంకా ఉందా?” అనెను. ఉన్నదనగా, “అయితే రాయనీండి. చేసింది నేనే గదా” అనెను. ఆమె వ్రాసెను. అంకెలు తాను కోరిన సాక్ష్యమే చెప్పునని నమ్మి లెక్కకు దిగరాదని ఆ యారువారములలో తెలిసికొంటినని, ఆ రెండు దినములు పుస్తకము దాచినందులకు తనకిప్పటికిని సిగ్గుగనే యున్నదని వ్రాసెను. నాలుగు కళాశాలలు ఆమెను నిరాకరించినవి, రెండు రమ్మన్నవి. వ్యాస మొక్కటియే ప్రవేశమును నిర్ణయింపదు. కాని ఆ రెండింటిలో నెక్కడికి పోయినను ఆమె తన మాటతోనే పోవును.

ఈ యుదాహరణమునుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. మొదటిది: సంఘటన చిన్నదైనను సొంతదై యుండవలెను. పర్వత మెక్కుటయు, పతకము గెలుచుటయు నక్కరలేదు. 650 మాటలలో జీవితమంతయు పట్టదు. ఒక్క యుదయము పట్టును. రెండవది: జరిగినదానికన్న, జరిగిన తరువాత మనసు ఎట్లు కదలినదో ముఖ్యము. సంఘటనకు సగము చోటును మించి యీయరాదు. మూడవది: దరఖాస్తులో వేరొకచోట నున్న మార్కులను, బహుమానములను ఇచ్చట మరల చెప్పుట చోటు వృథాచేయుటయే. నాలుగవది: కష్టమును అమ్మకమునకు పెట్టరాదు. దారిద్ర్యమో, మరణమో నిజముగా తన్ను మార్చినదైనచో వ్రాయవలెను. చదువరి జాలికొఱకు మాత్రము వ్రాయరాదు. జాలి వేరు, గౌరవము వేరు.

భాషను గూర్చి యొక మాట. నిఘంటువు వెదకి పెద్దమాటలు చేర్చుట మన పిల్లలకు గల జాడ్యము. సంభాషణలో నెన్నడును వాడని మాట వ్యాసములోను వద్దు. మా సలహా యేమనగా, ముందుగా ఆ సంగతిని ఇంటిలో నొకరికి తెలుగులో చెప్పవలెను. ఎక్కడ వినువాడు ‘తరువాత?’ అని యడుగునో అది యుంచవలెను. ఎక్కడ దిక్కులు చూచునో అది తీసివేయవలెను. ఆ పిదపనే యింగ్లీషున వ్రాయవలెను. వ్రాసినదానిని వారము దినములు కట్టిపెట్టి, మరల బిగ్గరగా చదువుకొనవలెను. తన్నెఱిగిన ఒకరిద్దరికి చూపవలెను. వారు ప్రశ్నలు వేయవచ్చును; కలము మాత్రము పుచ్చుకొనరాదు. కామన్ అప్లికేషన్ యేటేట ఆగస్టు 1వ తేదీని తెరువబడును. కొన్ని కళాశాలలకు నవంబరు ఆరంభముననే గడువు ముగియును. కావున వేసవి సెలవులలోనే ఆలోచన మొదలిడుట మేలు.

పైచదువునకు పోవువారి నివేదనము దీనికి భిన్నమని గూడ చెప్పవలసియున్నది. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరి. వారిలో నధికులు ఎం.ఎస్. మొదలగు పైచదువులవారే, మనవారును పెక్కురు. వారి నడుగునది ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’. అందు తాతగారి బోదెగట్టునకు చోటు తక్కువ. ఏ సమస్యను శోధింపదలచితివి, ఇంతవరకేమి పని చేసితివి, ఆ శాఖలోని పరిశోధనకు నీ యభిలాషకు పొత్తేమి యని సూటిగా చెప్పవలెను. విశ్వవిద్యాలయము పేరు మాత్రము మార్చి ఒకే ప్రతిని పదిచోట్లకు పంపుట చదువరి కిట్టే తెలిసిపోవును.

ఇక పరులచే వ్రాయించు దురాచారము. మన పట్టణములలో విదేశవిద్యా సలహాదారుల బల్లలు వీధివీధిని వెలసినవి. దరఖాస్తు పూరించుటలో, గడువులు తెలుపుటలో సాయపడు నిజాయితీపరులు వారిలో లేకపోలేదు. కాని పేరులు మాత్రము ఖాళీవిడిచిన వ్యాసములను సంచిలోనుండి తీసి యిచ్చువారును కలరు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన పిదప ఆ సంచియు నక్కరలేకపోయినది. యంత్రమే నిమిషములో వ్రాసి యిచ్చుచున్నది. అట్లు యంత్రము వ్రాసినదానిని తనదిగా సమర్పించుటను కామన్ అప్లికేషన్ వారు తమ నిబంధనలలో వంచనగా పేర్కొనిరి. పట్టువడుదురా లేదా యనునది మా ప్రశ్న గాదు. నీవెవరవన్న ప్రశ్నకు మొట్టమొదటిసారి సమాధానము చెప్పవలసిన వేళ, తండ్రియే డబ్బిచ్చి బిడ్డచే అబద్ధమాడించినచో, ఆ బిడ్డ అటుపై దేనిని నిజమని నమ్మవలెను? నీ జీవితము చెప్పదగినది కాదని తండ్రియే వానికి తెలిపినట్లు గాదా?

ఆత్మస్తుతి పాపమను మన పూర్వుల మాట సత్యము. కాని ఆత్మకథనము ఆత్మస్తుతి కాదు. ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచక్రవర్తి కొలువునకు పోయినప్పుడు, లోకుల చాడీలు విని రాజు అతనిని చులకనగా పలికెను. బాణుడు తన వంశమును, వేదాధ్యయనమును, గృహస్థ ధర్మమును విన్నవించుకొని, తన చిన్నతనమున చాపల్యములు లేకపోలేదనియు, దానిని దాచననియు ఒప్పుకొనెను. ఈ వృత్తాంతమును హర్షచరితమున తానే వ్రాసెను. మన వీరేశలింగముగారు స్వీయచరిత్రము వ్రాసిరి. తన్ను గూర్చి తాను చెప్పుకొనుట మనకు పరాయి విద్య కాదు, మరచిన విద్య.

కావున తలిదండ్రులకు మా విన్నపము. దరఖాస్తునకు డబ్బు సిద్ధపరచుటకు ముందు, ఒక సాయంకాలము బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, వాడు చెప్పునది చివరిదాక వినుడు. అది మీకు నచ్చకపోవచ్చును. మీ తప్పొకటి అందులో ఉండవచ్చును. అయినను వ్రాయనిండు.