నర్సరీ సంచులలో నల్ల నుసుములు

గ్రామపంచాయతీ నర్సరీలో నీరు పోయువేళ సంచులమీదినుండి చిన్న నల్లని పురుగులు గుంపుగా లేచి, కొంతదూరము తడబడుచు ఎగిరి, మరల ఆ తడిమట్టిమీదనే వ్రాలుట సభ్యులు చూచియుందురు. "దోమలు పట్టినవి, పొగ కొట్టింపుడు" అని ఎవరో యొకరు అందురు. వరంగల్ జిల్లాలోని యొక గ్రామమునకు మేము పోయిననాడు అదియే మాట వింటిమి. బటన్ గులాబీలు రెండు వరుసలు ఆకులు పసుపెక్కి వాలియుండెను. నీరు చాలలేదేమోయని వనసేవకుడు పూటపూటకు మరింత పోయుచుండెను.

ఇవి దోమలు కావు. కుట్టవు, నిలువనీటిలో పుట్టవు. పొడవు రెండుమూడు మిల్లీమీటర్లు మాత్రమే. రెక్కను వెలుతురున పట్టి చూచినచో పంగలకఱ్ఱవలె చీలిన నరము కనబడును. శాస్త్రజ్ఞులు వీనిని బ్రాడీసియా అందురు. ఎగురు పురుగు బ్రదుకునది కొలదిదినములే గాని, ఆలోపల ఆడది తడిమట్టిలో నూటికి మించి గ్రుడ్లు పెట్టగలదు. నాలుగైదు దినములకు పిల్లపురుగు వెలువడి రెండువారములు మట్టిలోనే మేసి, అక్కడనే గూడుకట్టుకొనును. పైకి ఎగురునవి కొన్ని, మట్టిలో దాగినవి పెక్కు. పొగ కొట్టిన వారమునకే క్రొత్త గుంపు లేచుటకు ఇదియే కారణము.

పిల్లపురుగులకు ఇష్టమైన ఆహారము బూజు, సగము కుళ్లిన ఎరువు. సంఖ్య పెరిగినపుడు మాత్రము నూగువేళ్లను కొరుకును. వేరుకుళ్లు తెచ్చు శిలీంధ్రములను మొక్కనుండి మొక్కకు చేర్చును. నేలలో పాతుకొన్న చెట్టుకు దీనివలన భయము లేదు. కొమ్మకత్తిరింపులకు, లేత నారుకు, చిన్న సంచిలో సన్నని వేళ్లతో నుండు బటన్ గులాబీకి ప్రాణాపాయమే. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెనని 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. వేరు చెడిన మొక్కను గుంటలో నాటి, పిమ్మట ఎంత కంచె కట్టిన నేమి?

అనుమానమున్నచో బంగాళాదుంప ముక్కను కోసి, కోతవైపు మట్టికి అదిమి, రెండుమూడు దినములకు ఎత్తి చూడవలెను. తెల్లని మెత్తని ఒడలు, మెరయు నల్లని తల గల పురుగులుండిన అవియే. వానపాము పిల్లలకు నల్లతల యుండదు, వానిని చంపరాదు.

మందుకంటె ముందు నీటి అలవాటు మారవలెను. పైమట్టి ఒక అంగుళము ఆరినపిదపనే, వేలు గ్రుచ్చి చూచి, ఉదయమున నిండుగా పోయవలెను. మే నెల ఎండలో ఇది ఎట్లు సాధ్యమని అడుగుదురు. ఎండ మెండైనపుడు మట్టి త్వరగా ఆరును. అపుడు తరచుగా పోయుట న్యాయమే. తప్పు జరుగునది వానకాలములో: ఆకాశమునుండి కురియుచుండగా కూడ రోజుకు రెండుమారులు పోయుదురు! సంచుల రంధ్రములు మూసుకొనినవేమో చూడవలెను. మట్టిపై పచ్చని పాచిని గీసివేసి అర అంగుళము ముతక ఇసుక పరవవలెను. వాసన వచ్చు పచ్చిపేడను మట్టిలో కలుపనేరాదు. పసుపుపచ్చని అట్టకు ఆముదము రాసి సంచులనడుమ నిలిపిన, ఎగురునవి అంటుకొనును. తెగులు పెరిగినదో తగ్గినదో దానినిబట్టి తెలియును.

ఇంతకును లొంగనిచో, దోమపిల్లలను చంపుటకు వాడు బి.టి.ఐ. అను సూక్ష్మజీవి మందు కలదు. డబ్బాపై వ్రాసిన మోతాదున నీటిలో కలిపి, వారమునకొకమారు చొప్పున మూడువారములు మట్టి తడియునట్లు పోయవలెను. ఒక్కమారు పోసి మానిన ఫలము లేదు. పత్తి పండించు మన జిల్లాలో బి.టి. యన్నమాట అందరికి తెలిసినదే. కాని గొంగళిపురుగులకై అమ్ము బి.టి. మందు వేఱు, అది ఈ నుసుములకు పనిచేయదు. కొనబోవువారు ఈ భేదమును దుకాణములోనే అడిగి తెలిసికొనవలెను. సందేహమున్నచో మామునూరు కృషి విజ్ఞాన కేంద్రమును అడుగవచ్చును.

చచ్చిన మొక్కల మట్టిని వెంటనే క్రొత్త సంచులకు ఎత్తరాదు. దానిని పలుచగా పరచి, బాగుగా ఎండనిచ్చి, తిరుగవేసి, ఆ తరువాతనే వాడవలెను.