సోల్డరింగ్ ఐరన్ ఉష్ణోగ్రత నియంత్రణ - 'వేడి' అనే మాట: ఒక పరిశీలన

కీలక పదాలు: టంకం, కళాయి, ఉష్ణం, ఉష్ణోగ్రత, సామర్థ్యం, డయోడ్

హైటెక్ సిటీ అనగానే సాఫ్ట్‌వేర్ గుర్తుకు వస్తుంది. కానీ 2023 మార్చి 2న రాయదుర్గంలో ప్రారంభమైన టి-వర్క్స్ వస్తువుల తొలి నమూనాలను తయారుచేసుకోవడానికి ఏర్పడిన కేంద్రం. ఎలక్ట్రానిక్ బోర్డుపై పని నేర్చుకునే విద్యార్థి చేతికి మొదట వచ్చే పనిముట్లలో సోల్డరింగ్ ఐరన్ ఒకటి. దాని నియంత్రణను తెలుగులో వివరించబోతే ఒక భాషాసమస్య ఎదురవుతుంది. వాడుకలో 'వేడి' అన్న ఒక్క మాటే ఉష్ణానికీ, ఉష్ణోగ్రతకూ చెల్లుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ వేరుచేసినా, పనిబల్ల దగ్గర వినిపించేది 'వేడి తగ్గించు' అన్న మాటే. ఈ పరికరం విషయంలో ఆ తేడా చెరిగిపోతే బోర్డే పాడవుతుంది.

సాధారణ 25 వాట్ల ఐరన్‌లో ఉష్ణోగ్రతను కొలిచే భాగమేదీ ఉండదు. లోపల పుట్టే ఉష్ణం, గాలిలోకి పోయే ఉష్ణం సమానమైన చోట మొన వేడెక్కడం ఆగుతుంది. ఆ చోటును గదిలోని గాలి, పైన తిరిగే ఫ్యాను, కరెంటు కూడా నిర్ణయిస్తాయి. వోల్టేజి 230 నుంచి 200కు పడితే సామర్థ్యం దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిసిన టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. సీసం లేని తగరం-వెండి-రాగి మిశ్రమానికి సుమారు 217 నుంచి 220 డిగ్రీలు కావాలి. పని సాగేటప్పుడు మొనను సాధారణంగా 320 - 370 డిగ్రీల మధ్య ఉంచుతారు. అది మితిమీరితే ఫ్లక్స్ మాడుతుంది, బోర్డుపై రాగి పొర ఊడివస్తుంది, మొన నల్లబడుతుంది.

నల్లబడిన మొనకు టంకం అంటదు. దీన్ని వివరించడానికి మనకు కళాయి ఉంది. ఇత్తడి పాత్రను కాల్చి, నవాసాగరం చల్లి, తగరం పూసే కళాయివారు చేసేది సూత్రరీత్యా ఇదే: ఆక్సైడు పొరను తొలగించి లోహానికి తగరం పట్టించడం. మొనను శుభ్రపరచడానికి నేటికీ నవాసాగరపు దిమ్మెలు వాడుకలో ఉన్నాయి. 'టిన్నింగ్' అనే పనికి కొత్త సమాసం కల్పించనక్కరలేదు; 'మొనకు కళాయి పెట్టడం' అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ఇక నియంత్రణ. అన్నిటికన్నా చవకైనది 1ఎన్4007 వంటి ఒక డయోడ్‌ను వరుసలో కలపడం. అది ప్రత్యావర్తన విద్యుత్తులో ఒక అర్ధభాగాన్నే పోనిస్తుంది కనుక 25 వాట్లు 12.5 అవుతాయి. సామర్థ్యం సగమైతే ఉష్ణోగ్రత సగం కాదు. గది 30 డిగ్రీలు, మొన 400 డిగ్రీలు అనుకుంటే సగమయ్యేది వాటి మధ్య తేడా. అదీ కచ్చితంగా కాదు. వేడి పెరిగేకొద్దీ ఉష్ణనష్టం అంతకంటే వేగంగా పెరుగుతుంది కనుక మొన 215 డిగ్రీలకు కొంత పైనే నిలుస్తుంది. పనికి అది చాలదు, విరామానికి సరిగ్గా సరిపోతుంది. డయోడ్‌కు అడ్డంగా ఒక స్విచ్ పెట్టి, పని ఉన్నప్పుడు పూర్తి కరెంటు ఇస్తే మొన త్వరగా పుంజుకుంటుంది. ఇదంతా 230 వోల్టుల వ్యవహారం కనుక మూసిన పెట్టెలోనే ఉండాలి.

ట్రయాక్ డిమ్మర్‌తో ఇంకా మెత్తగా సర్దుకోవచ్చు. ఇంట్లోని కెపాసిటర్ రకం ఫ్యాన్ రెగ్యులేటర్ మాత్రం నిరాశపరుస్తుంది: 2.2 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వరుసలో ఉన్నా 25 వాట్లు 17 దగ్గరే ఆగుతాయి.

వీటన్నిటిలోనూ మనం తిప్పేది సామర్థ్యాన్ని, ఉష్ణోగ్రతను కాదు. మొన ఖాళీగా ఉన్నప్పుడు 350 డిగ్రీలకు సర్దిన ఐరన్, వెడల్పైన రాగి పొరను తాకగానే చల్లబడుతుంది. డిమ్మర్‌కు ఆ సంగతి తెలియదు. ఉష్ణోగ్రతనే నియంత్రించాలంటే కొలిచే భాగం ఉండాలి. నేటి స్టేషన్లలో ఆ పని థర్మోకపుల్ చేస్తుంది. వెల్లర్ సంస్థ మాగ్నాస్టాట్‌లో మొన వెనుక ఉన్న లోహపు ముక్క క్యూరీ ఉష్ణోగ్రత దాటగానే అయస్కాంతానికి అంటుకునే గుణాన్ని కోల్పోతుంది, స్విచ్ తెరుచుకుంటుంది. చల్లబడగానే మళ్లీ మూసుకుంటుంది. మొనపై ఉండే 7 అంకె 700 డిగ్రీల ఫారన్‌హీట్‌ను, అంటే సుమారు 371 సెల్సియస్‌ను సూచిస్తుంది. ఆ అంకె ఉష్ణోగ్రతకు గుర్తు. డిమ్మర్ పెట్టెపై గీసుకునే అంకెలకు 'సామర్థ్యం' అనే పేరు పెట్టాలి; అక్కడ డిగ్రీలు రాయడం సరికాదు.