కనబడని పిట్టల లెక్క

"కొల్లేరులో పక్షులు ఒక్కచోట నిలబడవు, ఎగురుతూనే ఉంటాయి. మరి ఇన్ని వేలున్నాయని ఎలా రాస్తారు?" అని కైకలూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు. చలికాలపు పక్షుల గణన గురించి ఇంతకంటే మంచి ప్రశ్న ఉండదు. ఎగిరే పక్షుల సంగతి చిన్న చిక్కే. అసలు చిక్కు మన కంటికి ఆననివాటిది. వాటిని లెక్కపెట్టే ఉపాయం ఎంత అందమైనదో చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు నేపథ్యం. నీటిపక్షుల అంతర్జాతీయ గణన 1967లో మొదలైంది. దానిలో భాగంగా ఆసియా గణన 1987లో మన ఉపఖండంలో ఆరంభమైంది. దీన్ని ఏటా జనవరి రెండు, మూడు వారాల్లో జరుపుతారు. అప్పటికి వలస సద్దుమణుగుతుంది. సైబీరియా, మధ్య ఆసియాల నుంచి దిగిన బాతులు చలికాలపు మకాంలో కుదురుకుంటాయి, తిరుగు ప్రయాణం ఇంకా మొదలవదు. అన్ని దేశాలవాళ్లూ ఒకే సమయంలో చూస్తారు కాబట్టి ఒకే పక్షి రెండు చోట్ల లెక్కకెక్కే అవకాశం తగ్గుతుంది. ఎగిరిపోయే పక్షుల చిక్కు చాలావరకు ఇక్కడే తీరుతుంది.

ఇక కొల్లేటి గట్టు మీదికి వెళదాం. అటపాకలో ఇనప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులను లెక్కపెట్టడం తేలిక. పెద్ద ఒళ్లు, లేత రంగు, కుదురుగా కూర్చునే స్వభావం. అదే సరస్సు నడుమ నల్లగా పరుచుకున్న బొల్లికోళ్ల గుంపుకు టెలిస్కోపు గురిపెట్టండి. ముందు వరస వెనక వరసను మూసేస్తుంది. కొన్ని ఆ క్షణానికి నీళ్లలో మునిగి ఉంటాయి, కొన్ని కిక్కిస గడ్డిలో దూరి ఉంటాయి.

పైగా మన కంటికి ఒక హద్దుంది. 1871లో ఇంగ్లండు ఆర్థికవేత్త స్టాన్లీ జెవన్స్ గింజలను గుప్పెడేసి చొప్పున ఒక పెట్టెలోకి విసిరి, ఎన్ని పడ్డాయో ఒక్క చూపులో చెప్పి, తరవాత సరిచూసుకున్నాడు. వెయ్యికి పైగా సార్లు ఇదే పని చేశాడు. నాలుగు దాకా ఒక్క తప్పూ దొర్లలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి. అందుకే వేల పక్షులు ఎదురైతే ముందు ఒక వందను ఒకటొకటిగా లెక్కించి, ఆ వంద ఎంత మేర పరుచుకున్నాయో చూసుకుని, ఆ కొలతతో గుంపంతా కొలుస్తారు. ఇంత చేసినా పెద్ద గుంపుల్ని తక్కువగా అంచనా వేయడమే ఎక్కువ. అనుభవజ్ఞులకూ ఈ పొరపాటు తప్పదు.

ఆ కొలత తప్పితే ఏమవుతుందో అలెగ్జాండర్ విల్సన్ లెక్క చెబుతుంది. స్కాట్లండులో నేతపని చేసి, అమెరికా వెళ్లి, అక్కడి పక్షిశాస్త్రానికి పునాది వేసినవాడాయన. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో కెంటకీలో ఆయన తల మీదుగా ప్యాసింజర్ పావురాల గుంపు గంటల తరబడి సాగిపోయింది. గుంపు వెడల్పు ఒక మైలు, వేగం నిమిషానికి మైలు, సాగింది నాలుగు గంటలు, చదరపు గజానికి మూడు పావురాలు అనుకుని గుణించాడు. వచ్చిన జవాబు 2,23,02,72,000. చదరపు గజానికి మూడు బదులు రెండనుకుంటే 74 కోట్ల పావురాలు తగ్గిపోతాయి! వేల దాకా తూచి చెప్పినట్టున్న ఆ సంఖ్య ఒక్క ఊహ మీద నిలబడింది. అయినా విల్సన్‌ను మెచ్చుకోవాలి. తాను ఏమేం అనుకున్నాడో అన్నీ రాసిపెట్టాడు కాబట్టే రెండు వందల ఏళ్ల తరవాత కూడా తప్పు ఎక్కడుందో చూపించగలుగుతున్నాం.

నీళ్ల మీది గుంపు కనీసం కళ్లెదుట ఉంటుంది. మడ అడవిలో ఆ వెసులుబాటూ లేదు. గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడ పక్కనున్న కోరింగ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ బయటి ఇసుక తిన్నెల మీది ఉల్లంకులను పోటు సమయంలో లెక్కపెట్టాలి. బురద నేలలు మునిగిపోయి, పక్షులన్నీ మిగిలిన కాస్త తిన్నె మీదికి చేరతాయి. పాటులో వెళితే అవే పక్షులు కనుచూపు మేర బురదలో చెల్లాచెదురుగా ఉంటాయి. లోపల మడ, తిల్ల చెట్ల మధ్య మాత్రం పోటైనా పాటైనా ఒకటే. ఆకుల వెనక నుంచి కూత వినబడుతుంది, పిట్ట కనబడదు. కనబడిన వాటిని రాసుకుంటాం, మరి కనబడనివాటి మాటేమిటి?

ఆ జవాబు కనబడిన పిట్టల దగ్గరే ఉంది! ఎన్ని ఉన్నాయన్నదానితో పాటు ఒక్కొక్కటి ఎంత దూరంలో ఉందో కూడా రాసుకుంటే చాలు.

అడవిలో ఒకచోట నిలబడండి. మీ చుట్టూ 20 మీటర్ల వ్యాసార్థంతో ఒక వృత్తం ఊహించుకోండి. దాని చుట్టూ 20 నుంచి 40 మీటర్ల వరకు ఒక వలయం, ఆ పైన 40 నుంచి 60 వరకు ఇంకొకటి. ఈ మూడింటి వైశాల్యాలు 1, 3, 5 పాళ్లలో ఉంటాయి. మీరెక్కడ నిలబడ్డారన్నది పిట్టలకు సంబంధం లేని విషయం కాబట్టి అవి కూడా సగటున 1, 3, 5 పాళ్లలోనే ఉండాలి. ఇలా చాలా చోట్ల నిలబడి చూసిన లెక్కలన్నీ కలిపితే లోపలి వృత్తంలో 120, మధ్య వలయంలో 180, బయటి వలయంలో 100 వచ్చాయనుకుందాం. లోపలి వృత్తంలో ఏదీ మన కన్ను దాటిపోలేదనుకుంటే మధ్య వలయంలో 360, బయట 600 ఉండి తీరాలి. అంటే మొత్తం 1,080. మనం చూసినవి 400. చూడనివి 680! ఒక్క పొదనైనా కదిలించకుండా, వాటిలో ఒక్కదాన్నైనా చూడకుండా, అవి అక్కడున్నాయని తెలుసుకున్నాం. దూరం పెరిగేకొద్దీ చూపు ఎలా సన్నగిల్లుతుందో కనబడిన పిట్టలే చెప్పేశాయి. నిజమైన గణనల్లో మూడు వలయాలతో ఆగకుండా దూరాలన్నిటికీ సరిపోయే గీతను కంప్యూటరు గీస్తుంది. సూత్రం మాత్రం ఇదే.

ఇంత తేలికైన సంగతి అంత తేలిగ్గా దొరకలేదు. 1930లలో అమెరికాలో ఆర్. టి. కింగ్ అడవికోళ్ల వంటి గ్రౌస్ పక్షుల కోసం తిన్నటి దారుల్లో నడుస్తూ, చూసిన దూరాల సగటు తీసి, దాన్నే తాను వెతికిన పట్టీ వెడల్పుకు కొలతగా పెట్టుకున్నాడు. 1949లో డాన్ హేన్ ఆ సగటులోని లోపాన్ని ఎత్తిచూపాడు. పూర్తి గణితం కుదిరి, స్టీఫెన్ బక్లండ్ బృందం పుస్తకంగా తెచ్చేసరికి 1993 వచ్చింది.

షరతులు లేకపోలేదు. కాలువలో పడవ మీద నిలబడితే దగ్గరి వృత్తంలో చాలా భాగం నీళ్లే, పిట్టల పాళ్లు తారుమారవుతాయి. ఇంజను మోతకు దగ్గరి పిట్టలు లేచిపోతే కేంద్రమే ఖాళీ అవుతుంది. కూతను బట్టి దూరం చెప్పడంలో పదేపది మీటర్ల తేడా వచ్చినా లెక్క గాడి తప్పుతుంది.

దీని ప్రయోజనమేమిటని అడుగుతారు. ఒక తడినేల క్రమం తప్పకుండా 20,000 నీటిపక్షులకు గాని, ఏదైనా ఒక జాతి సంఖ్యలో ఒక శాతానికి గాని ఆశ్రయమిస్తే, అంతర్జాతీయంగా ముఖ్యమైన తడినేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపుకు అది ఒక అర్హత. కొల్లేరుకు ఆ గుర్తింపు 2002లో వచ్చింది. లెక్క అంత బరువైనది కాబట్టే నాకు బాధ. నిరుడు ఇన్ని, ఈ ఏడు ఇన్ని అని శీర్షికలు వస్తాయి. ఎందరు చూశారో, ఎంతసేపు చూశారో, పొగమంచు ఉందో లేదో ఒక్క ముక్క ఉండదు. అలాంటి రెండు అంకెలను పోల్చి పక్షులు తగ్గాయనడం, పెరిగాయనడం రెండూ తప్పే.

ఈ జనవరిలో మీ ఊరి చెరువు గట్టుకు వెళ్లండి. పక్షుల సంఖ్యతో పాటు మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, చూసినవాళ్లెందరు, ఎంత దూరం నుంచి చూశారు అన్నవి తప్పక రాయండి. ఒక్క పిట్టా లేకపోతే సున్నా వేయండి, అది కూడా లెక్కే. వచ్చే ఏడు అదే వారం, అదే గట్టుకు వెళ్లి, అంతే సేపు మళ్లీ చూడండి.