గేటు దగ్గర రెండో ఎర్తింగు ఎందుకు వద్దు?

గేటు స్తంభానికి సీసీ కెమెరా పెట్టించుకున్న పాఠకుడొకరు అడిగారు: "షీల్డెడ్ కేబుల్ వేయించాం. ఇంట్లో ఎర్తింగు ఉంది. కెమెరా దగ్గర కూడా ఒక రాడ్డు దింపి షీల్డును దానికి కలిపితే రెట్టింపు రక్షణ అంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. నిజమేనా?"

కాదు. రక్షణ పెరగకపోగా ప్రమాదం పెరుగుతుంది.

ఈ కేబుల్లో మెలితిప్పిన రాగి తీగలు నాలుగు జతలుంటాయి. వాటి చుట్టూ షీల్డుగా అల్యూమినియం రేకు, రేకును ఆనుకుని తొడుగు లేని సన్నని డ్రెయిన్ వైరు. బయటి విద్యుత్ రొద రేకు మీద పడి ఎర్తింగులోకి దిగిపోవాలి. ఏ చివరా ఎర్తు లేకపోతే ఆ రేకే యాంటెన్నాలా రొదను పట్టుకోగలదు. కాబట్టి ఒక చివర ఎర్తు తప్పదు. రెండో చివర దగ్గరే వస్తుంది చిక్కు.

నేలంతా ఒకటే, ఎక్కడ తాకినా సున్నా వోల్టులే అన్న నమ్మకం చాలా పాతది. 1838లో జర్మన్ శాస్త్రవేత్త స్టైన్‌హైల్ టెలిగ్రాఫుకు ఒక్క తీగ చాలని, కరెంటు తిరిగి రావడానికి నేల ఉందని చూపించాడు. తొలి టెలిఫోన్లూ ఆ దారినే నడిచాయి. వీధుల్లోకి ఎలక్ట్రిక్ ట్రాములొచ్చి వాటి కరెంటూ అదే నేలలో పారేసరికి ఫోన్లలో హోరు మొదలైంది. ఒంటి తీగను వదిలి జంట తీగలకు మారక తప్పలేదు. ఆ జంటను మెలితిప్పే ఉపాయానికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందాడు. మీ కెమెరా కేబుల్లో ఉన్నది ఆ మెలికే!

ఇప్పుడు గేటు పక్కన కొబ్బరిచెట్టు మీద పిడుగు పడిందనుకోండి. 30,000 ఆంపియర్లు 10 ఓముల నిరోధంలోంచి నేలలోకి దిగితే అక్కడి వోల్టేజి క్షణంపాటు 3,00,000కు ఎగబాకుతుంది. దూరం పోయేకొద్దీ అది తగ్గుతుంది. అందుకే గేటు రాడ్డుకూ ఇంటి ఎర్తు గుంతకూ మధ్య భయంకరమైన తేడా వస్తుంది. షీల్డును రెండు చివర్లా ఎర్తు చేస్తే ఆ రెంటినీ కలిపే లోహపు దారి అదే.

నాకు అద్భుతంగా తోచే సంగతి ఇంకొకటుంది. ఈ కేబుల్ తగిలించే ఈథర్‌నెట్ పోర్టులో సిగ్నలు మోసే ప్రతి జతకూ ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. సిగ్నలు అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది తప్ప తీగకు తీగ తగలదు. 1500 వోల్టులను తట్టుకోవాలని ప్రమాణం. ఇంత తెలివిగా తెంపిన సంబంధాన్ని, రెండు చివర్లా ఎర్తు చేసిన షీల్డు పక్కదారిన మళ్లీ కలిపేస్తుంది! అన్ని ఎర్తులనూ ఒకటిగా కలిపేసిన ఆఫీసు భవనాల్లో మాత్రం రెండు చివర్లా ఎర్తు చేయడమే సరైన పని. హై ఫ్రీక్వెన్సీ రొద అలాగైతేనే బాగా ఆగుతుంది.

మీ ఇంట్లో నెట్‌వర్క్ స్విచ్ వైపు లోహపు ప్లగ్గు, కెమెరా వైపు ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టించండి. ఇనుప స్తంభానికి బిగించిన లోహపు కెమెరాకు షీల్డు తగిలితే, రాడ్డు లేకున్నా అది రెండో ఎర్తే. స్విచ్ అడాప్టరుకు రెండే పిన్నులుంటే ఇంటి వైపు కూడా ఎర్తు లేనట్టే. స్విచ్ బాడీకి వేరే ఎర్తు వైరు వేయించాలి.

అసలు చాలా ఇళ్లకు షీల్డే అనవసరం. కరెంటు వైర్ల పైపులో దూర్చకుండా వేరే పైపులో లాగితే మామూలు కేబుల్ హాయిగా పనిచేస్తుంది. షీల్డుకు పోసే డబ్బేదో, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కాకుండా అచ్చమైన రాగి తీగ కొనడానికి పెట్టండి.