బడికి వచ్చిన ఇంజనీరమ్మ

మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాల నుండి రెండవ ప్రపంచయుద్ధ కాలములో ముగ్గురు స్త్రీలు పట్టములు పుచ్చుకొన్నారు. ఆ పట్టములపై ఒక చిన్న దిద్దుబాటు కలదు. అచ్చులో ఉన్న ఇంగ్లీషు పుంలింగ సర్వనామమును కొట్టివేసి, స్త్రీలింగ రూపమును వ్రాసినారు. పట్టము అచ్చు వేయించిన వారికి ఆడపిల్ల ఇంజనీరు కాగలదన్న ఊహయే లేకుండెను. ఆ మువ్వురిలో సివిల్ శాఖ చదివిన లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా కేరళదేశము వారు. త్రేసియాగారు 1971లో ఆ రాష్ట్ర ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరైనారు. విద్యుచ్ఛక్తి శాఖలో చదివిన అయ్యలసోమయాజుల లలితగారు తెలుగువారు.

లలితగారు 1919లో జన్మించినారు. పదునైదవయేట వివాహము. 1937లో బిడ్డ పుట్టిన నాలుగు మాసములకే భర్త గతించినాడు. పదునెనిమిదేండ్ల వితంతువునకు ఆనాటి సంఘము చూపిన దారి ఎట్టిదో చెప్పనక్కరలేదు. ఆమె ఆ దారిని పట్టక తిరిగి చదువునకు పూనుకొన్నారు. వైద్యము చదివినచో ఏ అర్ధరాత్రియో పిలుపు వచ్చును, పసిబిడ్డను విడిచి పోవలసివచ్చును. పగలు పనిచేసి సాయంకాలమునకు ఇల్లు చేరగల వృత్తి కావలెనని ఆమె ఇంజనీరింగును ఎంచుకొన్నారు. నేటికిని ఉద్యోగము చేయు తల్లులు వేసికొను లెక్క ఇదియే కదా! అయితే అట్టి ఆలోచన ఆమెకు తోచుటకు కారణము ఇంటిలోనే ఉన్నది. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీలోనే విద్యుత్ ఇంజనీరింగు ఆచార్యులు. ఆ వృత్తిలో పని ఎట్టిదో, వేళలెట్టివో ఆమెకు తెలియును. కుమార్తెకు ప్రవేశము కావలెనని కళాశాల పెద్దలను అడిగినవారును ఆయనయే.

సుబ్బారావుగారి వంటి తండ్రి లేని పిల్లల మాటేమి? సేద్యము చేయు ఇంటను, మగ్గము నేయు ఇంటను పుట్టిన బాలిక వైద్యురాలిని ఆసుపత్రిలో చూచును. ఉపాధ్యాయినిని ప్రతిదినము చూచును. తాను పెద్దయైన పిదప వారివలె కావలెనని కోరుకొనును. ఊరి చివరనున్న విద్యుత్ సబ్‌స్టేషనునకు నమూనా గీచినవారెవరో, తాను మ్రింగు మాత్రను పరీక్షించినవారెవరో ఆమె కంటబడరు. కంటబడని వృత్తిని ఎవరు కోరుకొందురు?

ఇది వట్టి ఊహ కాదు. 1966 మొదలు 1977 వరకు డేవిడ్ చేంబర్స్ అను పరిశోధకుడు చిన్న తరగతుల పిల్లలచేత శాస్త్రవేత్త బొమ్మను గీయించినాడు. కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో 4,807 మంది పిల్లలు గీయగా, స్త్రీ రూపము గల బొమ్మలు ఇరువదియెనిమిది మాత్రమే. ఆ ఇరువదియెనిమిదియు ఆడపిల్లలు గీచినవే; మగపిల్లవాడొక్కడును స్త్రీని గీయలేదు. అమెరికాలో జరిగిన ఇట్టి పరిశీలనలనన్నిటిని కలిపి 2018లో ప్రచురించిన వ్యాసము ప్రకారము, 1985 తరువాతి కాలములో స్త్రీ బొమ్మలు నూటికి ఇరువదియెనిమిదికి పెరిగినవి. కాని వయస్సు వచ్చినకొద్దీ ఆడపిల్లలు సైతము పురుషుని బొమ్మనే ఎక్కువగా గీయుదురట. ఉపాధ్యాయులు ఈ చివరి మాటను గమనింపవలెను. పసితనమున లేని భావము బడిలో గడిపిన సంవత్సరములలోనే పట్టుపడుచున్నది.

ఈ లోటును తీర్చుటకు పూనుకొన్నవారిలో ఆ వృత్తులలో ఉన్న స్త్రీలే ముందున్నారు. మొదటి ప్రపంచయుద్ధములో బ్రిటిషు కర్మాగారములను నడిపిన స్త్రీలను యుద్ధము ముగియగానే ఇండ్లకు పొమ్మన్నప్పుడు, 1919లో లండనులో స్త్రీ ఇంజనీర్ల సంఘము వెలసినది. దాని అధ్యక్షులలో ఒకరైన వెరీనా హోమ్స్ యంత్రశాస్త్ర నిపుణురాలు. ఆమె 1946లో మరియొక స్త్రీతో కలిసి, స్త్రీలనే పనిలో పెట్టుకొని ఒక సంస్థను నడిపినారు. బడిపిల్లల వ్రేళ్ళు తెగకుండ కాగితము కత్తిరించు యంత్రము అక్కడ తయారైనది. ఆమె 1964లో మరణింపగా, సంఘమువారు 1969లో ఆమె పేర నిధి నెలకొల్పి, తొమ్మిది మొదలు పదకొండేండ్ల పిల్లలకు ఉపన్యాసములు ఏర్పాటు చేసినారు. పెద్ద తరగతులదాక ఆగకపోవుట వారి దూరదృష్టి.

ఆ లండను సంఘములో లలితగారును 1965లో సభ్యురాలైనారు. అంతకు ముందు సంవత్సరము న్యూయార్కులో స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రవేత్తల ప్రథమ అంతర్జాతీయ సభ జరిగినది. మన దేశమున అట్టి సంఘమేదియు లేనందున, కలకత్తాలో ఉద్యోగము చేయుచున్న ఆమె స్వంత హోదాలోనే వెళ్ళినారు. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండవ సభకు భారతదేశపు ప్రతినిధిగా పని నెత్తిన వేసికొన్నారు. ఈ శ్రమకు జీతము లేదు. బొంబాయిలో భారతీయ మహిళా శాస్త్రవేత్తల సంఘము ఏర్పడినది 1973లో.

ఇట్లు ఎవరో ఒక స్త్రీ వచ్చి ఒక గంట మాటలాడి పోయినంత మాత్రమున పిల్లల మనస్సు మారునా అని అడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. 2015–16లో పారిస్ ప్రాంతములోని 98 ఉన్నత పాఠశాలలలో ఆర్థికశాస్త్రవేత్తలు దీనిని పరీక్షించినారు. పరిశ్రమలో పనిచేయువారు, యువ పరిశోధకులు కలిసి ఏబదియారుగురు స్త్రీలు తరగతులకు వెళ్ళినారు. ఏ తరగతికి వెళ్ళవలెనో చీటీ వేసినట్లు నిర్ణయించిరి గనుక, వెళ్ళిన తరగతిని వెళ్ళని తరగతితో పోల్చుటకు వీలైనది. బడి చదువు ముగించు తరగతిలో, పోటీలో నెగ్గి చేరవలసిన విజ్ఞాన, ఇంజనీరింగు విద్యలలో ప్రవేశించిన బాలికలు నూటికి 11 నుండి 14.5కు పెరిగినారు. గణితములో ముందున్న పిల్లలలో ఈ మార్పు మరింత హెచ్చు. రెండేండ్లు చిన్నవారైన విద్యార్థినులలో అభిప్రాయములు కొంత మారినను, వారు ఎంచుకొన్న చదువు మారలేదు.

మరియొక సంగతి తేలినది. ఆ రంగములో స్త్రీలు ఎంత తక్కువగా ఉన్నారో, ఎన్ని అన్యాయములు జరుగుచున్నవో నొక్కి చెప్పిన గంటలకన్న, తమ పనిని, అందులోని ఆసక్తిని వర్ణించిన గంటలే ఎక్కువ ఫలించినవి. పరిశోధక విద్యార్థినులకన్న ఉద్యోగము చేయు స్త్రీల మాటకే బలము హెచ్చుగా ఉన్నది. ఆరోపణ వినుటకంటె జీవితము చూచుట పిల్లలకు ఇష్టము కాబోలు!

నేడు తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలలో ఆడపిల్లలకు కొదువ లేదు. ఇక్కడి చిక్కు ద్వారము దగ్గర కాదు, దాని ఆవల ఉన్నది. సీటు సంపాదించు ఉపాయము ఇంటింట తెలియును. సీటు వెనుకనున్న పని ఏమిటో తెలిసిన ఇండ్లు తక్కువ. కంప్యూటరు ఉద్యోగమొక్కటే కండ్లకు కనబడును. భూగర్భశాస్త్రము, వాతావరణ పరిశీలన, లోహశాస్త్రము, ఔషధ పరీక్ష అనునవి పేర్లుగానే మిగులును. కేంద్ర విజ్ఞాన, సాంకేతిక శాఖవారు 2019లో ఆరంభించిన విజ్ఞాన జ్యోతి పథకము తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు గల బాలికలకు ప్రయోగశాలలను, వాటిలో పనిచేయు స్త్రీలను చూపుటకు ఉద్దేశింపబడినది. జవహర్ నవోదయ విద్యాలయములు దానికి కేంద్రములు. ఆ పథకము అందని పాఠశాలలలో ఒక పూర్వ విద్యార్థిని చాలును. సెలవులకు ఊరికి వచ్చిన ఆమెను ప్రధానోపాధ్యాయుడు తొమ్మిదవ తరగతికి పిలిచి, ఉపన్యాసము వ్రాసుకొని రావలదని చెప్పి, ఉదయము పనికి పోయి మొదట ముట్టుకొను పరికరమేదో, నెల జీతమెంతో, పసిబిడ్డను ఎవరు చూచుకొందురో పిల్లలచేతనే అడిగింపవచ్చును.